మందచేనులో నీలి మరక: పాత సేద్యం జాడను మట్టిలో వెతికే పద్ధతి

మా ఊరికి పడమట, ఉదయగిరి కొండ కనిపించే దిక్కున మాకు రెండెకరాల ఎర్రనేల ఉంది. కాగితాల్లో దానికి సర్వే నంబరు తప్ప పేరు లేదు. మా నాన్న మాత్రం దాన్ని ‘మందచేను’ అనేవాడు. మా తాత కూడా అలాగే పిలిచేవాడట. మా ఇంట్లో గొర్రెలు ఎన్నడూ లేవు. ఆ పేరు ఎలా వచ్చిందని చిన్నప్పుడు అడిగితే, “ముందు నుంచీ అంతేనమ్మా” అన్నాడు. నెల్లూరు జిల్లాలో భూసార పరీక్షా కేంద్రంలో ఇరవయ్యారేళ్లు పనిచేసి, రైతులు తెచ్చిన మట్టిని వేల సంచులు పరీక్షించాను. మా చేనుకు ఆ పేరు ఎందుకు వచ్చిందో కూడా మట్టిలోనే వెతకవచ్చన్న ఆలోచన మాత్రం ఉద్యోగం వదిలి ఊరికి వచ్చాకే కలిగింది. ఆ వెతుకులాటలో నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను.

ఇది ఎవరైనా నేర్చుకోగల పని. మొదటి దశకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఓపిక కావాలి, శుభ్రత కావాలి, ప్రతిదాన్నీ పక్క మట్టితో పోల్చిచూసే అలవాటు కావాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ వృథా.

మనం వెతకవలసింది భాస్వరాన్ని. చిటికెడు మట్టి మీద రెండు ద్రావణాల చుక్కలు వేస్తే, భాస్వరం ఉంటే కాగితం మీద నీలం తేలుతుంది. ఆ పరీక్ష ఎలా చేయాలో కింద చెబుతాను. పేడ, ఎముకలు, పొయ్యి బూడిద, ఇల్లు ఊడ్చిన చెత్త, ఇవన్నీ మనిషీ పశువూ మసలిన చోట నేలలో కలుస్తాయి. వాటిలోని నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది, కొంత వాననీటితో లోపలికి దిగిపోతుంది. పొటాష్‌కూ అంత నిలకడ లేదు. భాస్వరం అలా కాదు. ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేస్తాయి. నల్లరేగడిలో, సున్నపు నేలల్లో ఆ పని కాల్షియం చేస్తుంది. ఒకసారి పట్టుబడితే అది నీళ్లలో సులువుగా కరగదు, పడిన చోటు నుంచి పెద్దగా కదలదు. రైతుకు ఇది నష్టమే, ఎందుకంటే వేసిన భాస్వరంలో ఆ ఏడు పైరుకు అందేది కొంతే. పాత జాడ వెతికేవాళ్లకు మాత్రం ఆ మొండితనమే ఆధారం.

1920ల్లో స్వీడన్‌లో ఓలాఫ్ అర్హీనియస్ అనే శాస్త్రవేత్త చక్కెర బీటు సాగు కోసం నేలలు పరీక్షిస్తూ, భాస్వరం మరీ ఎక్కువగా ఉన్న చోట్ల పూర్వం మనుషులు నివసించారని గమనించాడు. పురావస్తు పరిశోధనలోకి భాస్వర పరీక్ష వచ్చింది ఆ దారినే. మన రైతులకు ఈ సూత్రం తెలియకపోయినా దాని ఫలితం బాగా తెలుసు. పాడుబడిన పాత ఊరి దిబ్బను పాటిదిబ్బ అంటాం. ఆ పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలితే పైరు నల్లగా, ఏపుగా వస్తుందని మా నాన్న తరం వాళ్లందరూ చెప్పేవాళ్లు. వందల ఏళ్లు అక్కడ బతికిన మనుషులూ పశువులూ వదిలిన వ్యర్థాలే ఆ మన్నుకు బలం. పుస్తకం లేకుండానే వాళ్లు భాస్వరాన్ని గుర్తుపట్టారు, గంపలతో మోసుకెళ్లి వాడుకున్నారు. నాకు వాళ్ల మీద గౌరవం ఏటేటా పెరుగుతోంది.

పశువుల ఎరువు జాడ ఎంతకాలం నిలుస్తుందో తెలిపే పాత ప్రయోగం ఒకటి ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో ఉంది. అక్కడ బార్లీ వేసే ఒక మడికి 1852 నుంచి 1871 వరకు ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటిన తర్వాత కూడా ఆ మడికీ, ఎన్నడూ ఎరువు ఎరగని పక్క మడికీ తేడా తెలుస్తూనే ఉంది. ఇరవై ఏళ్ల ఎరువుకే అంత ఆయుస్సు ఉంటే, తరాల తరబడి మంద నిలిచిన చోటు ఏమీ మిగల్చకుండా పోతుందా?

ఇక పనిలోకి దిగుదాం. గునపం పట్టేముందు ఊళ్లో నాలుగు రోజులు కూర్చోవాలి. చేనుకున్న పాత పేరు అడగండి. పాటి, మంద, దొడ్డి, పెంట, కళ్లం అనే మాటలు పేరులో ఉంటే రాసుకోండి. నల్లమలలో చెంచుల గూడేలను ఈనాటికీ పెంటలనే అంటారు. తర్వాత అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు: ఈ చేనుకు పాటిమన్ను తోలారా? చెరువు పూడిక మట్టి తోలారా? గడ్డివామి ఎక్కడ వేసేవాళ్లు? ఎడ్లను ఏ చెట్టు కింద కట్టేవాళ్లు? ఎరువు బస్తాలు ఎక్కడ దించేవాళ్లు? ఇవి తెలియకుండా పరీక్ష చేస్తే, నిన్న మొన్నటి పెంటపోగును వెయ్యేళ్ల నాటి మంద అనుకునే ప్రమాదం ఉంది. మా చేనులో తూర్పు గట్టున ఉన్న వేపచెట్టు కింద మట్టి ముదురు నీలం ఇచ్చింది. అది మా నాన్న ఎడ్లు కట్టిన చోటని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది.

పాటిమన్నుతో ఇంకో చిక్కు ఉంది. అది ఊరి దిబ్బ నుంచి చేలోకి వచ్చినప్పుడు భాస్వరంతో పాటు చిల్లపెంకులు, బొగ్గు ముక్కలు కూడా వస్తాయి. కాబట్టి పెంకులు కనబడగానే ఇక్కడ ఊరుండేదని తేల్చకూడదు. అరిగి, అంచులు మొద్దుబారి, బొటనవేలి గోరంత ఉన్న పెంకులు చేనంతా పల్చగా పరుచుకుని ఉంటే అవి ఎరువుతో వచ్చినవి కావచ్చు. అంచులు పదునుగా ఉన్న పెద్ద పెంకులు, ఎముకలు, బూడిద ఒకేచోట గుంపుగా ఉంటే అది నివాసం.

ఈ కాలపు అతిపెద్ద అడ్డంకి డీఏపీ అనే భాస్వరపు రసాయన ఎరువు బస్తా. లెక్క వేసి చూడండి. యాభై కిలోల బస్తాలో భాస్వర ఆక్సైడు 46 శాతం, అంటే 23 కిలోలు. మూలక భాస్వరంగా అది 10 కిలోలు. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. ఒక్క బస్తా వేస్తే కిలో మట్టికి 11 మిల్లీగ్రాముల భాస్వరం చేరినట్టు. పశువుల ఎరువులో భాస్వర ఆక్సైడు 0.2 శాతం అనుకుంటే, అదే 23 కిలోలు అందించడానికి పదకొండున్నర టన్నుల ఎరువు తోలాలి. నలభై ఏళ్లుగా బస్తాలు పడుతున్న చేలో దుక్కి మట్టి పరీక్షిస్తే తెలిసేది మన తరం సేద్యమే, పూర్వికులది కాదు.

అందువల్ల నాగలి తగలని లోతుకు వెళ్లాలి. మడకతో దున్నిన చేలో 20 సెంటీమీటర్లు దాటితే చాలు. ట్రాక్టరు పెద్ద నాగలి దిగిన చేలో 30 దాటాలి. నేను ప్రతి గుంటలోనూ మూడు లోతుల్లో మట్టి తీస్తాను: పైన 15 సెంటీమీటర్ల వరకు, తర్వాత 25 నుంచి 35, ఆపైన 40 నుంచి 50. పై మట్టి వద్దన్నాను గదా, మరి ఎందుకు తీయడం అంటే, డీఏపీ ప్రభావం ఎంత లోతుకు దిగిందో అది చెబుతుంది. నీలం పైన గాఢంగా, మధ్యలో లేతగా, అడుగున లేకుండా ఉంటే అది బస్తా ఎరువు. పైన లేతగా ఉండి అడుగున గాఢంగా ఉంటే అక్కడ ఆగి ఆలోచించాలి.

నేల రకం కూడా చూసుకోవాలి. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లో పై మట్టి అడుగుకు జారిపోతుంది, వానలకు నేల ఉబ్బి కలగాపులగం అవుతుంది. అందులో లోతుల వారీ లెక్కలు నమ్మలేం. సముద్రం పక్కనున్న ఇసుక నేలల్లో భాస్వరాన్ని పట్టుకునే బంకమన్ను తక్కువ, కాబట్టి అది కిందికి దిగిపోగలదు. ఈ పని నేర్చుకోవడానికి ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట ఎర్రనేలలే మంచివని నా అభిప్రాయం.

రైతులకు మేము చెప్పే పద్ధతి వేరు: ఎకరాకు ఎనిమిది పది చోట్ల మట్టి తీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ చివరికి అరకిలో మిగల్చమంటాం. ఎరువు మోతాదు చెప్పడానికి అది సరైనది. మనకు మాత్రం కలపడమే ప్రమాదం. ఏ చోటి మట్టి ఆ చోటిదిగానే ఉండాలి. భూసార కార్డులో రాసిన భాస్వరం అంకె కూడా ఈ పనికి చాలదు. ఆ అంకె పైరుకు అందే భాస్వరానిది, పైగా కలిపిన పై మట్టిది. ఇనుముకు పట్టుబడి కూర్చున్న పాత భాస్వరం అందులో పూర్తిగా కనిపించదు.

పంట తీశాక, వేసవి దుక్కికి ముందు మొదలుపెట్టండి. చేను మూలన ఒక మేకు దిగ్గొట్టి, అక్కడి నుంచి తాళ్లతో ఇరవై మీటర్లకు ఒక గుర్తు పెట్టుకోండి. రెండెకరాలకు ఇరవై గుర్తులు వస్తాయి. తొలి విడతకు అవి చాలు. ఎక్కడ నీలం తేలితే అక్కడ రెండో విడతలో ఐదు మీటర్లకు ఒకటి తీయాలి. పోల్చడానికి బంజరు మట్టి కూడా తప్పనిసరి. అదే రకం నేల, అదే వాలు, ఎవరూ దున్నని చోటు, చెట్టు నీడ లేని చోటు, పుట్టలు లేని చోటు చూసి కనీసం నాలుగు గుంటలు తీయాలి.

గుంట ఎలా తీయాలో కాస్త వివరంగా చెబుతాను, సగం తప్పులు జరిగేది ఇక్కడే. గునపంతో మోకాలి లోతు తవ్వాక ఒక పక్క గోడను ఎంచుకోండి. వంగి కూర్చుని, వెడల్పాటి కత్తితో ఆ గోడను పై నుంచి కిందికి పల్చగా చెక్కండి. తవ్వేటప్పుడు అంటుకున్న మట్టి పోయి, అసలు పొరలు బయటపడతాయి. పై దుక్కి మట్టి వదులుగా, లేత ఎరుపులో ఉంటుంది. దాని కింద నాగలి అరిగిన చోట ఒక గట్టి పట్టు తగులుతుంది, కత్తి మొన కీచుమంటుంది. దాని కింద ముదురు ఎరుపు. ఇప్పుడు కొలబద్ద ఆనించి, కింది లోతు మట్టిని ముందు తీయండి, తర్వాత మధ్యది, చివరికి పైది. పై నుంచి మొదలుపెడితే డీఏపీ మట్టి రాలి అడుగు నమూనాను చెడగొడుతుంది. ప్రతిసారీ కత్తిని పొడిగుడ్డతో తుడవండి. చేతి చెమట కూడా అంటకూడదు, గ్లౌజులు వేసుకోండి. గుప్పెడు మట్టి చాలు. కొత్త గుడ్డసంచిలో వేసి, గుంట నంబరు, లోతు, తేదీ చీటీ మీద పెన్సిలుతో రాసి లోపల పెట్టండి. పెన్ను సిరా తడికి అలుక్కుపోతుంది.

మొదటి ఏడు నా నమూనాలు పద్దెనిమిది పనికిరాకుండా పోయాయి. నీడలో ఆరబెట్టమని పనిమనిషికి చెప్పాను గానీ దేని మీద ఆరబెట్టాలో చెప్పలేదు. ఆమె ఇంట్లో ఉన్న ఖాళీ ఎరువు సంచి విప్పి పరిచింది. పరీక్షలో అన్నీ ఒకేలా నీలమయ్యాయి, బంజరు మట్టి కూడా. బంజరు మట్టి లేకపోతే నేను ఆ నీలాన్ని నమ్మేదాన్ని, చేనంతా మందే అనేదాన్ని. తప్పు నాదే. అప్పటి నుంచి తెల్ల కాగితాల మీదే ఆరబెడుతున్నాను, పక్కనే ఉండి చూసుకుంటున్నాను.

ఆరిన మట్టిని చెక్క రోకలితో మెల్లగా నలిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. గడ్డివేళ్లు, ఎముక ముక్కలు ఏరేయాలి. చిన్న ఎముక పొడి పడినా కాగితం నీలమైపోతుంది.

ఇక పరీక్ష. రెండు ద్రావణాలు కావాలి. మొదటిది: 100 మిల్లీలీటర్ల చల్లని డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల అమ్మోనియం మాలిబ్డేట్ కరిగించి, దానికి 5 నార్మల్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 30 మిల్లీలీటర్లు కలపాలి. రెండోది: 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రాము ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి. మందుల దుకాణంలోని మాత్రలు వద్దు, ప్రయోగశాలకు అమ్మే శుద్ధమైన పొడి కొనండి. ఈ రెండో ద్రావణం త్వరగా చెడిపోతుంది, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. మొదటిది ముదురు రంగు సీసాలో ఉంచాలి. దానంతట అదే నీలం తిరిగితే పారేయాలి. ఆమ్లం పని గాలి ఆడే చోట, కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకుని చేయండి. పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో ఎన్నడూ పోయకూడదు. అలవాటు లేనివాళ్లు కాలేజీ కెమిస్ట్రీ లెక్చరరును అడిగి, వాళ్ల ప్రయోగశాలలోనే కలిపించుకోవడం మంచిది. గాజు సామాను సబ్బుపొడితో కడగకండి. కొన్ని సబ్బుపొడుల్లో భాస్వరం ఉంటుంది. పలుచని ఆమ్లంతో, ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే చాలు.

ఫిల్టర్ పేపర్ మధ్యలో పెసరగింజ బరువంత మట్టి పెట్టండి. మొదటి ద్రావణం రెండు చుక్కలు వేయండి. ముప్పై సెకన్లు ఆగండి. రెండో ద్రావణం రెండు చుక్కలు వేసి గడియారం చూడండి. ఆమ్లం మట్టిలోని భాస్వరాన్ని కరిగిస్తుంది, మాలిబ్డేట్ దానితో కలుస్తుంది, విటమిన్ సి ఆ కలయికను నీలంగా మారుస్తుంది. మట్టి చుట్టూ తడి పాకుతుంది. ఆ తడి అంచున ముందు ఆకాశం రంగు గీత ఒకటి పుడుతుంది, తర్వాత ఆ గీత నుంచి కిరణాల్లా బయటికి చీలికలు పాకుతాయి. భాస్వరం ఎక్కువున్న మట్టికి కిరణాలన్నీ కలిసి నిండు వలయమై, నీలిమందు రంగులోకి తిరుగుతాయి. తక్కువున్న మట్టికి అక్కడక్కడ చుక్కలే. ఇన్నేళ్లు యంత్రంలో అంకెలు చదివిన నేను, మొదటిసారి ఈ వలయం కళ్ల ముందు విచ్చుకోవడం చూసి ఊపిరి బిగబట్టాను.

సరిగ్గా రెండు నిమిషాలకు చూసి రాసుకోండి. ఆలస్యం చేస్తే ఉత్త కాగితం కూడా మెల్లగా నీలమవుతుంది. నేను మూడు సంగతులు రాస్తాను: నీలం మొదట కనిపించిన సెకను, వలయం ఎంత మేర పూర్తయింది, కిరణం పొడవు ఎన్ని మిల్లీమీటర్లు. వాటిని బట్టి సున్నా నుంచి ఐదు వరకు మార్కు వేస్తాను. ప్రతి మట్టినీ మూడు కాగితాల మీద చేయాలి. పని మొదలుపెట్టే ముందు మట్టి లేని కాగితం మీద చుక్కలు వేసి చూడాలి. తెలిసిన భాస్వరం ఉన్న ద్రావణంతో కూడా ఒకటి చేయాలి. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 0.439 గ్రాముల పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ కరిగిస్తే 100 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్న ద్రావణం వస్తుంది. దాన్ని పలుచన చేసుకుంటూ రంగుల వరుస తయారుచేసుకోవచ్చు. సున్నపు నేలలో మట్టి బుసబుస పొంగుతుంది, ఆమ్లమంతా సున్నానికే సరిపోతుంది, భాస్వరం ఉన్నా నీలం రాదు. పొంగు ఆగేదాకా మొదటి ద్రావణం మరో చుక్క వేసి, ఆ తర్వాతే రెండోది వేయండి. అలాంటి చేలో అన్ని నమూనాలకూ అదే లెక్క పాటించాలి.

ఇంకొక జాగ్రత్త నేను ఎవరికీ మినహాయించను. మందచేను అనే పేరు నా మనసులో ఉంది. ఏ కాగితం ఏ గుంటదో తెలిస్తే నా కన్ను ఆ పేరు వైపే మొగ్గుతుంది. అందుకే మా తమ్ముడి కూతురితో సంచులకు వేరే నంబర్లు వేయించాను. మార్కులన్నీ వేశాకే తన నోట్‌బుక్ తెరిపించాను.

గళ్ల కాగితం మీద చేను గీసి, లోతుకొక పటం చొప్పున మార్కులు నింపితే ఆకారం బయటపడుతుంది. ఆ ఆకారమే అసలైన సమాధానం. అడుగు పొరలో బంజరు కంటే ఒక మెట్టు ఎక్కువగా, చేనంతా ఒకేలా పరుచుకుని ఉంటే, అది తరాల తరబడి తోలిన ఎరువు. చిన్న చోట గాఢంగా ఉండి, పెంకులు, బూడిద, బొగ్గు తోడుంటే నివాసం. గాఢంగా, గుండ్రంగానో కోలగానో అంచు తెగినట్టుండి, పెంకులు దాదాపు లేకపోతే పశువుల దొడ్డి అని అనుమానించవచ్చు. అలాంటి దొడ్లకు తెలుగు నేలలోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు, కంచె కర్రలు పాతిన గుంతలు, పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. ఆ దిబ్బలు కాలిన పేడవేనని అంతకు చాలా ముందే భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాదించాడు. బూడిదను పరీక్షించిన శాస్త్రవేత్త జాయ్నర్ ఆ మాటే నిజమని తేల్చాడు. నవీన శిలాయుగపు మనుషులు పశువుల్ని మూసి ఉంచిన దొడ్లవి.

చెరువు ఆయకట్టు కింద పాత వరి మడి కోసం వెతికేవాళ్లకు భాస్వరం కన్నా ఇనుమే మంచి గుర్తు. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. అప్పుడు ఇనుము కరిగే రూపంలోకి మారి కదులుతుంది. వేరు పక్కన కాస్త గాలి తగిలిన చోట తుప్పుగా పేరుకుంటుంది. చెక్కిన గోడ మీద బూడిద రంగు మట్టిలో సన్నని నారింజ గొట్టాలు కనిపిస్తే, అవి ఎప్పుడో కుళ్లిపోయిన వేళ్లు నడిచిన దారులు. ఇప్పుడు నీరెక్కని మెట్టలో అవి కనిపిస్తే అక్కడ పూర్వం నీళ్లు నిలిచేవని అర్థం. ఆ నీళ్లు వరి మడివా, సహజంగా ఊరి నిలిచినవా అన్నది మాత్రం ఊక, ఆకు మిగిల్చిన సిలికా రేణువులు చూస్తేనే తెలుస్తుంది. వరి ఆకులోని విసనకర్ర ఆకారపు రేణువు, ఊకలోని రెండు మొనల రేణువు సూక్ష్మదర్శిని కింద గుర్తుపట్టవచ్చు. పుణె దక్కన్ కాలేజీ, లక్నో బీర్బల్ సాహ్ని సంస్థ వంటివి మొక్కల అవశేషాల మీద పనిచేస్తాయి.

అంతకు పైమెట్టు పరీక్షలు కూడా ఉన్నాయి. పేడలోని స్టెరాల్ అనే కొవ్వు పదార్థాలు మట్టిలో మిగులుతాయి. ఆవు, మేక వంటి నెమరువేసే పశువుల పేడలో ఒక రకం, మనిషి మలంలో మరో రకం ఎక్కువగా ఉంటాయి. వరిగ గింజకు మిలియాసిన్ అనే పదార్థం గుర్తు. మట్టిలో మిగిలిన కర్బనంలో బరువైన, తేలికైన పరమాణువుల పాళ్లలోని తేడా వరి, ఉలవ ఒక వైపు, జొన్న, సజ్జ, కొర్ర మరో వైపు అని విడదీస్తుంది. అయితే మన మెట్టల్లో అడవి గడ్డి చాలావరకు జొన్న వైపుదే. కనుక ఆ పరీక్ష ఒక్కదానితో ఇక్కడ జొన్న పండిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇంకో మాట: ఈ రసాయనాలేవీ వయసు చెప్పవు. వయసు కావాలంటే అదే పొరలో దొరికిన బొగ్గు ముక్క కావాలి. దాన్ని చేత్తో తాకకుండా అల్యూమినియం రేకులో చుట్టి, లోతు రాసి ఉంచండి.

ఊళ్లో గుంటలు తీస్తే నిధి కోసమని పుకారు పుడుతుంది. మా పక్క పొలం బాబాయి రెండో రోజే వచ్చి, “ఏమ్మా, బిందెలేమైనా తగిలాయా?” అని అడిగాడు. గట్టు మీదే కూర్చోబెట్టి ఒక కాగితం మీద వలయం తెప్పించి చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. మీరూ ముందే నలుగురికీ చెప్పి, చూపించి చేయండి. పొలం యజమాని ఒప్పుకోలు రాతలో తీసుకోండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలంలో అనుమతి లేనిదే పార వేయకూడదు, 1958 నాటి చట్టం ఉంది. పాటిదిబ్బ రక్షిత స్థలం కాకపోయినా దాని మీద గుంటలు తీయవద్దు. ఒక పొర చెదిరితే మళ్లీ పేర్చలేం. నాణేలో, నగలో బయటపడితే 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. పని ముగిశాక ప్రతి గుంటనూ అడుగు మట్టి అడుగున, పై మట్టి పైన వేసి పూడ్చండి.

మా చేను పటం ఇలా వచ్చింది. పై పొర అంతటా రెండు, మూడు మార్కులు. అది మా బస్తాల భాస్వరం. 25 నుంచి 35 పొరలో ఒకటి, అక్కడక్కడ రెండు. 40 నుంచి 50 పొరలో చేనంతా బంజరుతో సమానంగా ఉండి, వాగు వైపు ఉత్తరపు మూలలో మాత్రం నాలుగు, ఐదు మార్కులు వచ్చాయి. ఐదు మీటర్లకొకటి చొప్పున మళ్లీ తీస్తే ఆ మార్కులు నెలవంకలా వంగి, రెండు కొసలూ గట్టు దగ్గర ఆగాయి. అక్కడ పెంకులు మూడే దొరికాయి, బొగ్గు రెండు పలుకులు. అది మంద నిలిచిన దొడ్డి అని నేను నమ్ముతున్నాను. రుజువైందని మాత్రం అనను. పేడలోని సున్నపు గుండ్రటి రేణువులు సూక్ష్మదర్శినిలో కనిపిస్తే బలమైన సాక్ష్యం దొరికేది గానీ, ఆమ్లగుణం ఉన్న ఎర్రనేలలో అవి కరిగిపోతాయి. అందుకే ఆ మూల మట్టిని స్టెరాల్ పరీక్ష కోసం రేకులో చుట్టి విడిగా దాచాను.

నెలవంకలో మిగతా సగం ఉంటే అది గట్టుకు అవతల, బాబాయి చేనులో ఉండాలి. ఉంటే, ఆ దొడ్డి మా రెండు చేల మధ్య గట్టు పడకముందుది. మాఘంలో కంది కోసేశాక తవ్వుకోమని ఆయన ఒప్పుకున్నాడు. గట్టు మట్టి రెండు చేల దుక్కి నుంచి లాగి పోసింది, అందులో ఇద్దరి డీఏపీ ఉంది. కాబట్టి గట్టును ముట్టుకోకుండా, అటు రెండు మీటర్లు వదిలి తొమ్మిది మేకులు దిగ్గొట్టి వచ్చాను.